వెచ్చబెట్టిన మేగజైన్

పిస్తోలు పోటీలో నాలుగు రౌండ్లు ముగిసేసరికి మినెగిషి పదకొండో స్థానంలో ఉన్నాడు. అరవై మందిలో పదకొండు. ఇంకా రెండు రౌండ్లున్నాయి. గోడకు అంటించిన కాగితం మీద తన పేరును అతను మూడుసార్లు చదువుకున్నాడు. అలా చదవడంలో గర్వం కన్నా పాత కక్షే ఎక్కువ.

నగోయాలో పందొమ్మిదేళ్లుగా అతను కాల్చింది ప్లాస్టిక్ గుళ్లే. గ్యాసుతో నడిచే బొమ్మ పిస్తోలు. దాని బలం కూడా హద్దు దాటితే నేరమే కనక, ప్రతి పోటీకి ముందూ తలుపు దగ్గర కొలిచి చూస్తారు. అసలు పిస్తోలు అతనిలాంటి మామూలు మనిషి చేతికి ఆ దేశంలో రాదు. "ఆట అయిందా?" అని ప్రతి ఆదివారం సాయంత్రం భార్య అడుగుతుంది. ఎగతాళిగానైనా కాదు, మామూలుగా, అన్నం వడ్డిస్తూ. ఎగతాళి చేసుంటే జవాబు చెప్పేవాడు.

ఈ ఒక్క పోటీ చివరిదాకా కాల్చి, ఫలితాల కాగితంలో తన పేరుతో తిరిగి వెళితే చాలు. అది ఆట కాదని కనీసం తనకు తాను చెప్పుకోగలడు.

"పదకొండట అన్నా!" అంటూ తోంగ్ వచ్చాడు. నగోయాలో ఎనిమిదేళ్లు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేసి, ఈ పోటీ జరుగుతున్న తన సొంతూరు చొన్‌బురికి తిరిగొచ్చినవాడు. మినెగిషి ఇక్కడ కాలుస్తున్న పిస్తోలు అతనిదే, లైసెన్సూ అతని పేరు మీదే. మైదానం గేటు బయట అది మినెగిషి చేతిలో కనిపించకూడదు. "నీది పిచ్చుకలు కూడా నవ్వుకునే తుపాకీ అని చెప్తే ఇక్కడెవరూ నమ్మట్లేదు."

"ఇంకా రెండున్నాయి. నోరు మూసుకో."

"మూసుకున్నా. నువ్వు కాస్త నవ్వు. నవ్వితే స్థానం పోదులే."

మినెగిషి నవ్వకుండా సేఫ్టీ బల్ల దగ్గరికి నడిచాడు. ఆ బల్ల దగ్గర ఖాళీ పిస్తోలు తీసి చూసుకోవచ్చు, ఒరలోంచి లాగడం సాధన చేసుకోవచ్చు. తూటా జోలికి మాత్రం పోకూడదు. ముట్టుకుంటే పోటీలోంచి పంపేస్తారు. ఆ నియమం అతనికి కంఠతా వచ్చు. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది అతనే.

పిస్తోలు లాగాడు, గురి చూశాడు, ఒరలో పెట్టాడు. మళ్లీ లాగాడు. క్రమంగా భుజాలు సడలాయి, తల ఖాళీ అయింది. అతనికి అన్నిటికన్నా ఇష్టమైన స్థితి అది. చేతులు పనిచేస్తుంటాయి, తాను అక్కడ ఉండడు.

వెనక నుంచి ఒక ఆడగొంతు గట్టిగా ఏదో అంది. భాష తెలియకపోయినా 'ఆగు' అని అర్థమైంది.

కళ్లు దించి చూసుకున్నాడు. పిస్తోలు ఒరలోనే ఉంది. రెండు అరచేతుల మధ్య మాత్రం, నడుం బెల్టులోంచి ఎప్పుడు తీశాడో, పిస్తోలు పిడిలో దూర్చే తూటాలు నింపిన మేగజైన్. అరచేతులు దాన్ని నెమ్మదిగా రుద్దుతున్నాయి.

చలికి గ్యాసు చల్లబడితే బొమ్మ పిస్తోలు నీరసిస్తుంది. అందుకే నగోయాలో తమ వంతు వచ్చేలోపు, గుళ్లు పెట్టని మేగజైన్‌ను ఇలాంటి బల్ల దగ్గరే అందరూ ఇలా వెచ్చబెట్టుకుంటారు. అక్కడ అందులో ఉండేది గ్యాసే, ఎవరూ తప్పు పట్టరు. పందొమ్మిది చలికాలాలు.

తోంగ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటన్నా ఇది? ఇంత ఎండలో దానికి చలేసిందా?"

"ఆవిడతో మాట్లాడు. నేనేమీ కాల్చలేదు కదా!"

ఆ కేక వేసిన మైదానం అధికారిణి సుదాకు అరవై దాటాయి. తోంగ్ చెప్పిందంతా ఓపిగ్గా విని, మినెగిషి వైపు తిరిగి నాలుగు మాటలు మెల్లగా అంది.

"కావాలని చెయ్యలేదని పెద్దమ్మకి తెలుసట," అన్నాడు తోంగ్, నేల చూస్తూ. "నీకు తెలియకుండా చేసే చెయ్యంటేనే ఆవిడకి భయమట."

పిస్తోలు ఖాళీయేనని చూపించి తోంగ్‌కు అప్పగించాల్సి వచ్చింది. పోటీలోంచి తీసేసినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని వెతికాడు. సుదా మీద రాలేదు. నియమం మీద రాలేదు. మిగిలింది చెయ్యి. అది తాను నేర్పిందే చేసింది, చక్కగా చేసింది. దాన్నేమని తిట్టాలి?

అదే పోటీలో ఉన్న తోంగ్ వంతు అయ్యేదాకా ఉండక తప్పదు. ఊరికే నిలబడలేక, మిగతావాళ్లు కాల్చిన గురి అట్టల చిల్లులకు కాగితం ముక్కలు అంటిస్తూ తిరిగాడు. రంధ్రాలు తనకు అలవాటైనవాటికన్నా పెద్దవి. అయిదో రౌండ్‌లో పేర్లు పిలుస్తుంటే తన పేరు దగ్గర పిలిచే గొంతు తడబడనైనా లేదు, నేరుగా తరువాతి పేరుకు దాటిపోయింది.

సుదా వచ్చి, ఐసులోంచి తీసిన నీళ్ల సీసా అతని చేతిలో పెట్టి వెళ్లింది. అతను తూటాలను ఆపే మట్టిగుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తాగన్నా," అన్నాడు తోంగ్ కాసేపటికి, జాలిగా. "రుద్ది రుద్ది వేడెక్కించేస్తున్నావు."