ఏరేది ఎవరివి?

వేరుశనగ విత్తనం ఏరే రోజుల్లో రామాంజినమ్మ ఇంటి ముందు పదిమంది ఆడవాళ్ళు కూర్చుంటారు. పుచ్చు గింజ, ముడత గింజ పక్కకు పోతాయి, నిండు గింజ చేటలో పడుతుంది. ఉరవకొండ చుట్టుపక్కల ఇది ఏటా చూసేదే. ఆ గుంపులో ఇంటి కోడలు సుష్మ మాత్రం కనబడదు. పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండలేదు కాబట్టి విత్తనం మీద ఆమె చెయ్యి పడకూడదని అత్త కట్టడి చేసింది. పాఠకులారా, ఆ కట్టడి వెనక ఒక అబద్ధం ఉంది. అది ఆ ఇంటి కొడుకు శ్రీకాంత్ ఆడింది.

రెండేళ్ళ కిందట అనంతపురంలో చేయించిన పరీక్షల్లో సుష్మకు ఏ లోపమూ లేదని తేలింది. శ్రీకాంత్‌కే వీర్యకణాలు బాగా తక్కువ, ఉన్నవాటిలో కదిలేవి కొన్నే. ఆ కాగితం దాచేసి, సుష్మకు మందులు వాడాలంట అని తల్లితో చెప్పాడు. మనిషి చెడ్డవాడేం కాదు. నలుగురిలో తలెత్తుకు తిరగాలన్న యావ, అంతే. ఆ యావ కోసం భార్య తలవంచుకు తిరగాల్సి వచ్చింది. మొగుడు బతిమాలాడని సుష్మ నోరు విప్పలేదు. చివరికి అండాలు పెరగడానికి పొట్ట మీద పదకొండు రోజులు సూదులు పొడిపించుకున్నదీ ఆమే.

ఈ రోజు ఆసుపత్రిలో ఆమె అండాలు బయటికి తీసి, ల్యాబులో పిండం కట్టించాలి. మొన్న రాత్రి వేసిన చివరి సూదికి పదిన్నరకల్లా ముప్పై ఆరు గంటలు నిండుతాయి. ఆలస్యమైతే అండాలు చేజారిపోతాయని డాక్టర్ కృపాకుమారి ముందే హెచ్చరించింది. అప్పుడే పది దాటింది. శ్రీకాంత్ తన వీర్యం నమూనా ఇచ్చి వచ్చి హాల్లో చెమట తుడుచుకుంటున్నాడు. వద్దన్నా వినకుండా తల్లి వెంట వచ్చింది.

"కాసేపట్లో ల్యాబులో బాగున్నవాటిని ఏరుతాం" అంది డాక్టర్.

రామాంజినమ్మ ముఖం విప్పారింది. "ఏరేదే అయితే మొగపిల్లోనిది ఏరు తల్లీ. మాకు ఒగడు చాలు."

"ఆడా మగా అని ఏరం పెద్దమ్మా. అట్లా అడగడమే చట్టప్రకారం నేరం. సన్నని కాలువ లాంటి దాంట్లో వేసి, ఈదుకుంటూ బయటికి వచ్చినవాటిని పడతాం. వాటిలో ఆకారం సరిగ్గా ఉన్నదాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, ఒక్కో అండంలోకి ఒక్కటి సూదితో ఎక్కిస్తాం."

రామాంజినమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "ఈదేదేంది? ఆడదాని గుడ్లు ఈదుతాయా? ఎవరివమ్మా నువ్వు ఏరేది?"

అది డాక్టర్ బయటపెట్టకూడని సంగతి. ఆమె శ్రీకాంత్ వైపు చూసింది. శ్రీకాంత్ నేల చూపులు చూశాడు.

"వాళ్ళ పద్ధతులు మనకెందుకులేమ్మా" అన్నాడు.

పక్కనే, ఆపరేషన్ గదికి తీసుకుపోయే బండి మీద పడుకున్న సుష్మ లేచి కూర్చుని మొగుడి వైపు తిరిగింది.

"నేను లోపలికి పోను" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు కూడా నువ్వు దాస్తే, రేపు ఈ కడుపు నిలబడకపోతే ఆ మాటా నా నెత్తినే పడతాది. చెప్తావా, నన్ను ఇంటికి పొమ్మంటావా?"

పది ఇరవై. నర్సు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. ఊళ్ళో ప్రతి సీమంతానికీ సుష్మను ఇంట్లో వదిలేసి, శ్రీకాంత్ తాను మాత్రం పోయి భోజనాల బంతిలో కూర్చుని తిని వచ్చాడు. అది తలుచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

"నావేమ్మా ఏరేది. లోపం నాలో ఉండాది. సుష్మకు ఏమీ లేదు. రెండేండ్ల నుంచి నాకు తెలుసు."

రామాంజినమ్మ చప్పున చుట్టూ చూసింది. బెంచీల నిండా జనం. కొడుకు చెయ్యి పట్టుకుని, "మెల్లగా చెప్పురా, ఎవరన్నా వింటారు" అంది.

"ఆ పిల్లను గొడ్రాలని ఊరంతా చెప్పుకున్నప్పుడు మెల్లగా చెప్పినామా అమ్మా?"

ఆమె చెయ్యి వదిలేసింది. సుష్మ మళ్ళీ పడుకుంది. బండి కదిలింది. శ్రీకాంత్ వెంట నడవబోతే వద్దంది. "నువ్వు ఈడే ఉండు. అత్తకు మిగిలింది చెప్పు."

డాక్టర్ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "బిడ్డ నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను పెద్దమ్మా. పిల్లలు పుట్టకపోతే మాత్రం పరీక్ష ఇద్దరికీ చేయించాలి. లోపం మగవాడిదైతే అదీ ఒక జబ్బే, చాలామందికి వైద్యం ఉంది. దాన్ని దాచి ఆడదాని నెత్తిన రుద్దడానికి మాత్రం మా దగ్గర మందు లేదు."