నాన్చోకి చావు కాగితం

నాన్చో గొంతు కొయ్యడానికి యాసెన్‌కి నాలుగు గంటలు పట్టింది.

కత్తి చేతిలోనే ఉంది. నాన్చో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఒక్క మీట నొక్కితే పని అయిపోతుంది. యాసెన్ నొక్కడు. గోడెక్కి చూశాడు, కిటికీలోంచి దూరి చూశాడు, పీపాల వెనక నక్కి ఇరవై నిమిషాలు కూర్చుని చూశాడు. 'బూడిద కోట' ఆట మొదటి మూడు భాగాల్లో ఏ కాపలావాడినైనా ముట్టుకోకుండా దాటిపోవడానికి ఎక్కడో ఒక దారి ఉండేది. నాలుగో భాగంలో లేదు. మొదటి కాపలావాడు చస్తేనే మొదటి తలుపు తెరుచుకుంటుంది. తెల్లవారి పనికి పోవాలని గుర్తొచ్చి, పళ్ళు బిగించి మీట నొక్కాడు. నాన్చో మెడ చెవి నుంచి చెవి దాకా తెగింది. రక్తం గోడ మీద చిమ్మింది, గురగురమంటూ మోకాళ్ళ మీద కూలాడు. ఆ కూలడాన్ని దగ్గర్నుంచి, నింపాదిగా, రెండుసార్లు చూపించారు. యాసెన్ లేచి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, టైర్ల గోదాములో బరువులు మోసేవాడు, తెర మీద బొమ్మ చస్తే వాంతి చేసుకున్నాడంటే నవ్వొస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఇరవై మూడేళ్ళప్పుడు అతను ఇల్లు కట్టే చోట సారవ మీద నుంచి పడి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. ఏడాది మంచంలో ఉన్నాడు. మొదటి నెల చుట్టాలొచ్చారు, రెండో నెల స్నేహితులొచ్చారు, మూడో నెల నుంచి నాన్చో ఒక్కడే. గుబురు మీసాల కోట కాపలావాడు. క్యాబేజీ పులుసు తిట్టుకుంటూ, ఏదో కూనిరాగం తీస్తూ గుమ్మం ముందు తిరిగేవాడు. ఎక్కడైనా చప్పుడైతే లాంతరెత్తి "ఎవర్రా అది?" అనేవాడు. నాలుగడుగులు వేసి, చూసి, నిట్టూర్చి "ఎవరూ లేరు. నా మోకాలే" అనేసి వెనక్కి పోయేవాడు. కాళ్ళకి కట్టుతో ఉన్న యాసెన్ ఆ మాటకి ఏడాది పొడుగునా నవ్వాడు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, ఈ ఆటలో ఎవర్నీ ముట్టుకోనని. పదిహేనేళ్ళు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు.

అలా ఎవరికీ కనపడకుండా, ఎవర్నీ తాకకుండా ముగించడాన్ని అభిమానులు నీడ ఆట అంటారు. ప్లోవ్‌దివ్ ఊరు మొత్తానికి నీడ ఆటగాళ్ళు నలుగురు ఉండేవాళ్ళు. ఇద్దరు పెళ్ళిళ్ళు చేసుకుని బాగుపడ్డారు. మిగిలింది యాసెన్, క్రుమ్. క్రుమ్ లిఫ్టులు బాగుచేస్తాడు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆట విడుదలైన వారానికి ఇద్దరూ పొద్దున్నే జున్ను పెట్టి కాల్చే బానిత్సా రొట్టెల కొట్టు దగ్గర కలిశారు.

"నెత్తి మీద బాణం పెట్టార్రా, ఇటెళ్ళు, అటెళ్ళు అని! మనమేమన్నా గుడ్డోళ్ళమా?" అన్నాడు క్రుమ్. నోట్లో బానిత్సా ముక్క అలాగే ఉంది.

"దీపాలు కూడా ఆర్పనివ్వట్లేదు."

"కాపలావాళ్ళకి చెవుల్లేవు. పక్కన నిలబడి డప్పు కొట్టు, తిరిగి చూడరు. ఇంత చెత్త తీసి, ఆ లాచెజార్‌గాడు ఏమన్నాడో చదివావా? ఓపిక లేని కాలం అంట. జనానికి రక్తం కావాలంట."

లాచెజార్ ఆట తయారుచేసే కంపెనీ యజమాని. మొదటి భాగం తీసినప్పుడు చిరుగుల చొక్కా వేసుకుని అభిమానులతో బీరు తాగినవాడే.

"అవన్నీ పోనీరా. నాన్చోని ఎందుకు చంపాలి?" అన్నాడు యాసెన్. ఐరాన్ మజ్జిగ ఒక గుక్క తాగాడు.

క్రుమ్ బల్ల మీదకి వంగాడు. "మనిషి పోతే ఏం చేస్తాం? కాగితం అంటిస్తాం. నాన్చోకీ అంటిద్దాం. లాచెజార్ గది తలుపుకే. శనివారం మధ్యాహ్నం వాళ్ళ పెరట్లో విందు, ఊరంతా చెప్పుకుంటున్నారు. లోపల పిట్ట కూడా ఉండదు. నీడ ఆటరా! ఒక్కసారి నిజంగా ఆడదాం."

ఒప్పుకోకూడదని యాసెన్‌కి తెలుసు, ఒప్పుకున్నాడు. "ఎవర్నీ ముట్టుకోకూడదు. మాట?"

"మాట. అమ్మ తోడు."

కాగితం క్రుమ్మే అచ్చేయించాడు. నల్ల అంచు, పైన సిలువ, మధ్యలో నాన్చో మీసాల బొమ్మ. 'పదిహేనేళ్ళు గుమ్మం కాసి, యజమాని చేతుల్లోనే గొంతు తెగి కన్నుమూసిన మా నాన్చో. తీరని దుఃఖంలో, అభిమానులు.' ఊళ్ళో ప్రతి స్తంభానికీ, ప్రతి గుమ్మానికీ ఉండే చావు కాగితాలకి ఇది ఏమాత్రం తీసిపోదు. యాసెన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కంపెనీ ఉన్నది పాత పొగాకు గోదాములో. శనివారం ఒంటిగంటకి ఇద్దరూ వెనక బొగ్గు దించే చిన్న తలుపులోంచి దూరారు. పెరట్లో పాటలు, కాలే మాంసం పొగ, తాగిన నవ్వులు. లోపల ఎవరూ లేరు. చెక్క మెట్ల మధ్యలో అడుగేస్తే కిర్రుమంటాయని యాసెన్ గోడ వారగా ఎక్కాడు. రెండో అంతస్తులో లాచెజార్ తలుపుకి కాగితం అంటించి, ముడతలు లేకుండా అరచేత్తో నిమిరాడు. దిగి వచ్చేటప్పుడు అతనికి ఎంత సంతోషం వేసిందంటే, మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు.

కింద హాలు దాటితే బొగ్గు తలుపు. హాలు మొదట్లో బీరువా వెనక ఆగారు, ఎందుకంటే వీధి వాకిలి దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. గేటు కాపలావాడు. చేతిలో కాల్చిన కెబాప్చే మాంసం ముక్కల పళ్ళెం. వాకిలి తలుపుకి లోపలి వైపు ఇంకో చావు కాగితం అంటించి ఉంది. క్రుమ్‌కి ఒకటి చాలలేదు, యాసెన్ మెట్లెక్కుతుంటే వెనక ఆగి దాన్ని అంటించి, అతనికి చెప్పలేదు.

ఈ ఊళ్ళో ఎవడూ చావు కాగితం చదవకుండా పోడు. ముసలాయన పళ్ళెం మెట్టు మీద పెట్టి, జేబులన్నీ తడుముకుని కళ్ళజోడు తీశాడు. బీరువా వైపు వీపు తిప్పి నిలబడి, పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

యాసెన్ అరచెయ్యి చూపించాడు. ఆగు. చదివి పోతాడు. నీడ ఆటంతా ఆగడంలోనే ఉంది. యాసెన్ గంటసేపైనా ఆగగలడు.

క్రుమ్ చొక్కాలోంచి కర్ర తీశాడు. మొదటి భాగం డబ్బాతో పాటు అభిమానులకి బహుమతిగా ఇచ్చిన కర్ర, మూరెడు పొడుగు, నల్ల గుడ్డ చుట్టింది. ఆటలో దాంతో మెడ వెనక ఒక్కటిస్తే కాపలావాడు హాయిగా నిద్రపోతాడు. యాసెన్ తల అడ్డంగా ఊపాడు. క్రుమ్ అతన్ని చూడట్లేదు. ముసలాయన మెడనే చూస్తూ బీరువా వెనక నుంచి కదిలాడు.

ముసలాయన పకపకా నవ్వి, తనని తానే పిలుచుకున్నాడు. "ఒరేయ్ స్పాస్! నువ్వెప్పుడు పోయావురా? నాకొక్క ముక్క చెప్పలేదు!"

ఆ గొంతు. ఆ గొంతుని యాసెన్ ఏ గుంపులోనైనా పట్టగలడు. తలుపు అద్దంలో మీసాలు కూడా కనపడ్డాయి, కాగితంలో ఉన్న మీసాలే. అరవడానికి నోరు తెరిచాడు. పదిహేనేళ్ళుగా కాపలావాడి వెనక ఊపిరి బిగపట్టిన నోరు అది. అరుపు రాలేదు.

కర్ర తల వెనక పడింది.

ఆటలో ఆ దెబ్బకి మెత్తటి చప్పుడొస్తుంది, దిండు మీద కొట్టినట్టు. ఇక్కడ గుమ్మడికాయ నేలకేసి కొట్టినట్టు వచ్చింది. స్పాస్ నిద్రపోలేదు. ముందుకి తూలి, తలుపు గొళ్ళానికి నుదురు కొట్టుకుని, పళ్ళెం మీద బోర్లా పడ్డాడు. మాంసం ముక్కలు, పళ్ళెం పెంకులు, రక్తం కలిసిపోయాయి. కాళ్ళు రెండూ వాటంతట అవే కొట్టుకున్నాయి. నవ్వు మధ్యలో తెగి, ఎక్కిళ్ళ లాగా ఏదో శబ్దం వస్తోంది.

"ఏం చేశావురా!" యాసెన్ గొంతు అప్పటికి పెగిలింది, అదీ గుసగుసగానే. "వాడు నాన్చో! వినలేదా? నాన్చోరా!"

"నోర్ముయ్. పది నిమిషాల్లో లేస్తాడు" అన్నాడు క్రుమ్. మొహం పాలిపోయింది కానీ చేతులు ఆగలేదు. ముసలాయన రెండు చంకల కింద చేతులు వేసి లాగడం మొదలుపెట్టాడు. "కాళ్ళు పట్టుకో. మెట్ల కింద గదిలో పడేద్దాం, చీకటిగా ఉంది. ఎవడూ చూడడు."

పడగొట్టిన మనిషిని వెలుతురులో వదలకూడదు, చీకట్లోకి లాగెయ్యాలి. వాళ్ళ ఆటలో అది పసిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. యాసెన్ చేతులు కూడా తెలియకుండానే ఆ కాళ్ళ మీదకి వెళ్ళాయి! పట్టుకున్నాడు కూడా. రెండడుగులు మోశాడు. ఆ రెండడుగులూ అతను చచ్చేదాకా మర్చిపోలేదు. నేల మీద ఎర్రటి చార చూసి కాళ్ళు వదిలేశాడు.

"వదులు. డాక్టర్ని పిలవాలి."

"జైలుకి పోతావా?"

"వదలరా!"

యాసెన్ అతని మీద పడ్డాడు. క్రుమ్ కర్ర తిప్పి కొట్టాడు, పాత విరుగుడున్న మోకాలి మీదే కొట్టాడు, ఎక్కడ కొట్టాలో తెలిసినవాడు కదా. ఎముక పటుక్కుమంది. యాసెన్ పడుతూనే అతని మణికట్టుని నోటితో పట్టుకుని కొరికాడు. పళ్ళకి నరం తగిలేదాకా కొరికాడు. క్రుమ్ రెండో చేత్తో అతని చెవి మీద, కంటి మీద, ముక్కు మీద పిడికిలితో గుద్దాడు. ముక్కు పగిలి రక్తం గొంతులోకి దిగింది. యాసెన్ వదల్లేదు. చివరికి కర్ర కింద పడింది. క్రుమ్ చెయ్యి విదిలించుకుని, కర్ర తీసుకుని, తెగిన మణికట్టుని చొక్కాలో దాచుకున్నాడు.

"పిచ్చిపట్టిందిరా నీకు. ఉండు, వాడితోపాటు నువ్వూ చావు" అన్నాడు.

బొగ్గు తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. ఒక్కడి కంట కూడా పడకుండా వెళ్ళిపోయాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడి ఉండడు.

యాసెన్ స్పాస్‌ని చొక్కా కాలరు పట్టి పెరటి వైపు లాగాడు. నిలబడలేడు, అందుకని పాకుతూ, ఒక మూర జరిగి, ఒక మూర లాగి. "నిద్రపోకు మావయ్యా. వెలుగులోకి పోదాం. కొంచెమే." ముసలాయన ముక్కులోంచి రక్తం బుడగలు వస్తున్నాయి. గడప దగ్గర తల తగలకుండా కింద తన చెయ్యి పెట్టాడు. ఎండలో పడ్డాక, పదిహేనేళ్ళ నిశ్శబ్దమంతా ఒక్కసారి తెంచుకుని అరిచాడు.

"ఇక్కడ! ఇక్కడున్నాం! రండి!"

పాట ఆగింది. గ్లాసులతోనే పరిగెత్తుకొచ్చారు. నెత్తురు కారే మనిషి పక్కన నెత్తురు మూతితో ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? లాచెజార్ ముందు బూటుకాలితో యాసెన్ డొక్కలో తన్నాడు. ఇంకెవరో కుర్చీ వీపు మీద విరగ్గొట్టారు. యాసెన్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఒక చెయ్యి స్పాస్ తల వెనక తన జేబుగుడ్డ అదిమి పట్టుకుని ఉంది, దాన్ని తియ్యలేడు.

"ఆగండి! చూడండి, ఈయనే కదా బయటికి లాక్కొచ్చింది!" అని ఒకమ్మాయి అడ్డుపడింది. బొమ్మలు గీసే అమ్మాయి. ముసలాయన పక్కన కూలబడి ఏడ్చింది. "ఆటలో గొంతు తాతదే. మొదట్లో డబ్బుల్లేక గేటు దగ్గరుండే తాతనే మైకు ముందు కూర్చోబెట్టారట. ఈసారి ఆ చచ్చే గురగుర ఒక్కటీ ఇవ్వనన్నాడు. ఎంత అడిగినా ఇవ్వలేదు." తర్వాత వంగి అతని చెవిలో అడిగింది. "తాతా, ఎవరు కొట్టారు? ఎవరున్నారు లోపల?"

స్పాస్ కళ్ళు తెరిచాడు. ఒక కన్ను ఎర్రగా నిండిపోయింది, రెండోది యాసెన్‌ని చూసింది. చాలాసేపు చూసింది. పగిలిన ముక్కునీ, నేలకానిన వంకర కాలినీ చూసింది.

"ఎవరూ లేరు" అన్నాడు. "నా మోకాలే."

అంబులెన్సు వచ్చేసరికి గుడ్డ కింద రక్తం కారడం ఆగిపోయింది, ఊపిరి కూడా ఆగిపోయింది. యాసెన్ మాత్రం ఇంకా అదిమి పట్టుకునే ఉన్నాడు. నర్సు అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదియ్యాల్సి వచ్చింది.

పోలీసు అధికారి వయసు మళ్ళినవాడు, ఓపికగా అడిగాడు. "ముసలాయన ఎవరూ లేరన్నాడని పదిమంది చెప్తున్నారు. జారి పడ్డాడేమో. నువ్వు దారిన పోతూ చూసి లోపలికొచ్చావు. అంతేనా బాబూ?"

లాచెజార్ కూడా తల వంచుకుని "పొరపాటైంది అన్నా, క్షమించు" అన్నాడు. అమ్మాయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గేటు తెరిచే ఉంది. తల ఊపితే చాలు, యాసెన్ ఎవరికీ కనపడకుండా ఇంటికి పోవచ్చు.

"ఆయన అబద్ధం చెప్పాడు సార్" అన్నాడు యాసెన్. "ఉన్నాం. ఇద్దరం ఉన్నాం. కొట్టింది క్రుమ్. దెబ్బ పడకముందే చూసి నోరు మూసుకున్నది నేను."