అటామైజర్ కడిగిన నీళ్ళు

ఆ శుక్రవారం పొద్దు వాలేవేళ చేసే అసర్ నమాజు ముగిసిన తరువాత అబూ జరీర్ ఇంటి ముందుగదిలో ఆసీనులైనవారు, లోపలికి అడుగుపెట్టిన వరుసలో, వీరు: మొట్టమొదట షేక్ ఫర్హాన్. అమ్మాన్ నగరంలో ఆయన కుదర్చని రాజీ లేదని, ఆయన ముందు చల్లారని కాఫీ లేదని ప్రతీతి. రెండవ వ్యక్తి మూడో అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు లబీబ్. ఏ తగవులోనూ ఏ పక్షమూ వహించనివాడు కనుక ఆ స్థానం ఆయనకు దక్కింది. మూడవవాడు ఉమ్ నిజార్ తమ్ముడు వస్ఫీ. మాట్లాడడానికి కాక, బృందం నిండుగా కనిపించడానికి వచ్చినవాడు. అందరికంటే చివర, కోటు గుండీలన్నీ పెట్టుకొని, ఆమె భర్త, రెండో అంతస్తు అబూ నిజార్.

నింద మోయవలసినవాడు వెనుక నడవాలన్నది ఆచారం. భూమి కొలతల శాఖలో ప్రధాన సర్వేయరుగా పదవీవిరమణ చేసిన అబూ నిజార్ అంతవరకు ఏ వరుసలోనూ చివర నిలిచి ఎరుగడు. పైగా ఈ జాహా, అనగా క్షమాపణ కోరడానికి పెద్దమనుషులు కదిలి వెళ్ళే ఈ రాయబారం, ప్రయాణించిన దూరమల్లా ఒక మెట్ల వరుస. పోయిన ప్రాణం ఒక పిట్టది.

అబూ నిజార్ నలభై ఏళ్ళ హుక్కాను డాక్టర్ల మాట మీద విడిచిపెట్టి ఎలక్ట్రానిక్ సిగరెట్టు పట్టాడు. దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు కరపత్రాన్ని ఎర్ర సిరా కలంతో చదివి, వ్యాకరణ దోషాలు దిద్దాడు. పొగను పుట్టించే అటామైజర్ అనే భాగాన్ని ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలో అందులో ఉన్న సూచనలు మాత్రం ఆయనకు నచ్చాయి. ముందు బ్యాటరీని విడదీసి దూరంగా పెట్టాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఎందుకంటే ఆ ద్రవంలోని నికోటిన్ చర్మం గుండా కూడా ఎక్కే విషం. దగ్గర నిప్పు ఉండకూడదు. గోరువెచ్చని నీటిలో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. ఈ క్రమాన్ని ఆయన ప్రతి శుక్రవారం ఉదయం తన బాల్కనీలో శాసనంలా పాటించేవాడు. చివరి వాక్యం ఒక్కటే ఆయన ఆమోదం పొందలేదు. కడిగిన నీటిని సముచితంగా పారవేయవలెనని అందులో ఉంది. సముచితమంటే ఏమిటో నిర్వచించని వాక్యం ఎవరినీ కట్టిపడేయజాలదని తీర్మానించి, ఆయన ఆ నీటిని బాల్కనీ నుంచి కిందికి విసిరేవాడు.

ఆ కింద అబూ జరీర్ బాల్కనీ ఉంది. అక్కడి ఇనుప కొక్కేనికి ఎండ కోసం వేలాడదీసిన పంజరంలో ఆయన హస్సూన్ పిట్ట ఉండేది. ముఖాన కుంకుమ అద్దినట్టుండే ఆ పిట్ట పాడితే వీధిలో కూరగాయల బండి ఆగేది. దాని పేరు బాషా. ఒక శుక్రవారం మధ్యాహ్నానికల్లా బాషా పంజరం అడుగున వెల్లకిలా పడి ఉంది. దాని నీళ్ళ గిన్నె మామిడిపండు వాసన కొట్టింది. ఆ భవనంలో మామిడి వాసన వేసే పొగ పీల్చేది ఒక్కడే.

“మామిడి వాసన రుజువు కాదు,” అని అబూ నిజార్ భార్యతో వాదించాడు. “బజారులో బండ్ల మీద మామిడిపళ్ళు లేవా?”

“ఉన్నాయి,” అంది ఉమ్ నిజార్. “అవి ఎగిరొచ్చి పిట్ట గిన్నెలో స్నానం చేసి పోయాయి. నువ్వు కొలతలు కొలిచిన మనిషివి కదా, మన బాల్కనీకీ వాళ్ళ బాల్కనీకీ మధ్య దూరం కొలిచి చెప్పు.”

అబూ నిజార్ కొలవలేదు. అబూ జరీర్ తలుపు మాత్రం మూసుకుంది. ముప్పై ఏళ్ళుగా ప్రతి సాయంకాలం ఆ తలుపు వెనుకే వాళ్ళిద్దరి పాచికల ఆట సాగింది. ఇప్పుడు అబూ నిజార్ పై అంతస్తులో పలక పరచుకొని రెండు వైపులా తానే ఆడుతున్నాడు. ఎదుటి పక్షం దొంగాట ఆడుతోందని అప్పుడప్పుడు గొణుగుతున్నాడు కూడా. ఒక సాయంకాలం ఆ గొణుగుడు విన్న ఉమ్ నిజార్ భర్తకు చెప్పకుండానే షేక్ ఫర్హాన్ ఇంటికి కబురు పంపింది. ఈ రాయబారం విఫలమైతే ఆ తలుపు మరి తెరుచుకోదని అబూ నిజార్‌కు తెలుసు. తెరుచుకోవాలన్న కోరిక ఆయనకు ఎంత ఉందో, ‘నేనే పోశాను’ అన్న మాట నోట రాకుండా తెరుచుకోవాలన్న కోరికా అంతే ఉంది.

అబూ జరీర్ తపాలా శాఖలో పనిచేసి విరమించిన సన్నని మనిషి. ఆయన షేక్‌కు స్వయంగా కాఫీ పోసి ఇచ్చాడు. షేక్ చిన్న కప్పును అందుకొని, పెదవులకు తాకించకుండా ముందున్న బల్లపై పెట్టాడు. అడగవచ్చినది దక్కితేనే తాగుతాడని దాని అర్థం.

“అబూ జరీర్,” అని షేక్ గంభీరంగా మొదలుపెట్టాడు, “మనుషుల ప్రాణాలకే రాత ఉంది. పిట్ట ప్రాణానికి ఉండదా? గాలి వీచింది, నాలుగు చుక్కలు పడ్డాయి. గాలి మీద ఎవరు పగబడతారు?”

“గాలి మీద నాకు పగ లేదు షేక్ గారూ. అది నా ఇంటికొచ్చి ముప్పై ఏళ్ళు టీ తాగలేదు.”

వస్ఫీ దగ్గాడు. డాక్టరు లబీబ్ పైకప్పు వంక చూశాడు.

“మీరడిగింది ఇస్తాను,” అని అబూ జరీర్ కొనసాగించాడు. “డబ్బు వద్దు, ఇంకో పిట్ట వద్దు. ఆయన ఏం పారబోశాడో ఆయన నోటితో చెప్పమనండి. అంతే.”

అందరి చూపులూ వరుస చివరికి మళ్ళాయి. అబూ నిజార్ గొంతు సవరించుకున్నాడు. “నేను అటామైజర్‌ను అత్యంత సురక్షితమైన పద్ధతిలో శుభ్రం చేస్తాను,” అన్నాడు. “అందులో లోపం చూపించినవాడు ఇంతవరకూ లేడు.”

“పద్ధతి అడగలేదయ్యా నేను.”

“పద్ధతి తెలియకుండా ఫలితాన్ని ఎలా విచారిస్తారు?”

షేక్ ఫర్హాన్ తన కప్పు వైపు చూసుకున్నాడు. కాఫీ పైని నురగ అప్పటికే విరుగుతోంది. “అయితే చేసి చూపించు నాయనా,” అన్నాడు. “తొందరగా.”

ఆయన విసుగులోంచి వచ్చిన ఆ మాటను అబూ నిజార్ గౌరవంగా స్వీకరించాడు. కోటు జేబులోంచి ఎలక్ట్రానిక్ సిగరెట్టు తీశాడు. డాక్టరు లబీబ్ జేబులో వృత్తిధర్మంగా ఎప్పుడూ ఉండే రబ్బరు తొడుగులను అడిగి పుచ్చుకున్నాడు. అబూ జరీర్ ముఖం చిట్లిస్తూనే ఒక చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి పెట్టాడు.

“మొదట బ్యాటరీ,” అని అబూ నిజార్ ప్రకటించి, దానిని విప్పి బల్లకు అవతలి చివర పెట్టాడు. “నీళ్ళకు ఇది ఆమడ దూరంలో ఉండాలి.”

“నా దగ్గర పళ్ళ సామాను కడిగే మిషన్ ఉంది అన్నా,” అన్నాడు డాక్టరు. “బటన్ నొక్కితే అదే కడిగేస్తుంది.”

“జనాల నోట్లోంచి వచ్చిన సామానుతో కలిపి నాది కడగనక్కర్లేదు.”

“నీది మాత్రం ఎక్కడ్నుంచి వచ్చింది?”

అబూ నిజార్ వినిపించుకోలేదు. మిగిలిన ద్రవాన్ని దూదితో అద్దాడు. అటామైజర్‌ను నీటిలో ముంచి నెమ్మదిగా కదిపాడు. గిన్నెలోని నీరు లేత పసుపు రంగుకు తిరిగింది, గదినిండా మామిడి వాసన వ్యాపించింది. ముక్కలను ఒక్కొక్కటిగా శుభ్రమైన గుడ్డపై వరుసగా ఆరబెడుతున్నప్పుడు ఆయన ముఖంలో నెలల తరబడి కనిపించని ప్రశాంతత కనిపించింది. వస్ఫీ సైతం ముందుకు వంగి చూడసాగాడు. అంత చక్కని పనిని కళ్ళారా చూసినవారెవరైనా పని చేసినవాడిని మెచ్చుకోక తప్పదు.

అప్పుడు అబూ నిజార్ గిన్నె తీసుకొని లేచాడు.

ఆయన ఏమీ ఆలోచించలేదు. ప్రతి శుక్రవారం చేతులు చేసే పనిని చేతులే చేస్తున్నాయి. పై ఇంట్లో బాల్కనీ ఎటువైపు ఉందో ఈ ఇంట్లోనూ అటే ఉంది. నాలుగడుగులు వేసి, మోచేతితో తలుపు తోసి, బాల్కనీలోకి వెళ్ళి గిన్నెను భుజం ఎత్తుకు లేపాడు. అక్కడ ఆయన పక్కనే కొక్కేనికి ఖాళీ పంజరం వేలాడుతోంది.

పై బాల్కనీ నుంచి, మొదటినుంచీ చెవి ఒగ్గి కూర్చున్న ఉమ్ నిజార్ గొంతు నింపాదిగా దిగివచ్చింది.

“అబూ నిజార్, కింద మెకానిక్ పెళ్ళాం బట్టలు ఆరేసుకుంది. వాళ్ళింటికి జాహా పంపాలంటే నా దగ్గర మనుషుల్లేరు.”

అబూ నిజార్ చేయి గాలిలోనే ఆగిపోయింది. తన వాదననంతా తన చేతులే ఖండించిన వైనం ఆయనకు ఏ న్యాయశాస్త్రంలోనూ కనిపించి ఉండదు. ఆయన గిన్నెను రెండు చేతులా పట్టుకొని, ఒక్క చుక్క ఒలకకుండా, తిరిగి లోపలికి వచ్చాడు. అబూ జరీర్ ముందు నిలబడ్డాడు.

“ఇవే,” అన్నాడు. “ఈ నీళ్ళే నేను పోసింది. అటు చూడకుండా పోశాను.”

అబూ జరీర్ ఆ పసుపు నీళ్ళకేసి చూశాడు. తరువాత తల తిప్పి, “షేక్ గారూ, మీ కాఫీ తాగండి,” అన్నాడు.

మంచులా చల్లారిన ఆ కాఫీని షేక్ ఫర్హాన్ ఒక్క గుక్కలో మింగి, వేడి కాఫీ తాగినవాడిలా మీసం తుడుచుకున్నాడు. శాంతి కుదిరిందని వస్ఫీ అందరి చేతులూ పట్టి ఊపాడు. అబూ నిజార్ చేతులు మాత్రం ఊపడానికి వీలుగా లేవు. ఆయన ఇంకా గిన్నెతోనే నిలబడి ఉన్నాడు.

“దీన్ని ఎక్కడ పెట్టను?” అని అడిగాడు. ఆ గొంతులో ప్రధాన సర్వేయరు లేడు.

“వంటింట్లో వద్దు,” అన్నాడు డాక్టరు. “గిన్నెలు కడిగే చోట అసలు వద్దు. దేంట్లోనైనా ఇంకించి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, పిల్లలకి అందకుండా పారెయ్యాలి.”

“దేంట్లో ఇంకించను?”

అబూ జరీర్ లోపలి గదిలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో కుట్టు విప్పని ఒక చిన్న సంచీ ఉంది. పంజరం అడుగున పరిచే మెత్తని ఇసుక అది. పిట్ట చనిపోకముందు కొని ఉంచినది. సంచీని పళ్ళతో చింపి, ఆ ఇసుకను స్నేహితుడి చేతుల్లోని గిన్నెలోకి, పసుపు తడి పూర్తిగా మాయమయ్యేదాకా, నిదానంగా ఒంపాడు.

“ఇంట్లో ఊరికే ఉంది,” అన్నాడు. “ఇప్పుడెవరికి.”

అబూ నిజార్ ఆ గిన్నెను జాగ్రత్తగా బల్లపై ఉంచాడు. తొడుగులు విప్పాడు. విడిపోయిన కోటు గుండీ ఒకటి తిరిగి పెట్టుకొని, వరుసలో తన స్థానమైన చివరి కుర్చీ ముందు నిటారుగా నిలబడ్డాడు.

“షేక్ గారూ, డాక్టర్ గారూ, వస్ఫీ,” అన్నాడు. “ఇక్కడున్న మీ అందరి ఎదుటా చెబుతున్నాను. నా చేతి నీళ్ళకి తన పిట్టని పోగొట్టుకున్న ఈ మనిషి, ఆ పిట్ట కోసం తెచ్చిపెట్టుకున్న ఇసుకని నా నీళ్ళ కోసం ఇచ్చాడు. నేను అడగలేదు. మీరూ అడగలేదు. ఈ పని అబూ జరీర్ చేశాడని, నేను కళ్ళారా చూశానని, దాన్ని గుర్తిస్తున్నానని మీరు సాక్షులుగా ఉండాలి.”