బిగించిన నిచ్చెన

తప్పు తనదైతే తానే చెప్పాలన్నది ఆమె నియమం. ఇన్నాళ్లూ అది సుఖంగానే సాగింది, పెద్ద తప్పేదీ ఎదురుపడలేదు కనుక. ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మనిషికివ్వబోయే మందు శరీరంలో ఎలా మసలుతుందో కంప్యూటరులో చూడడం ఆమె పని. ఇది వెలుగు పడితేనే మేలుకునే మందు. రోగపు కణంలోని డీఎన్ఏ నిచ్చెన మెట్ల మధ్య దూరి కూర్చుంటే, దీపం వేయగానే ఆ కణాన్ని కూల్చేస్తుంది. కూర్చోకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. దానివల్ల హాని లేదని ముందే తేలింది, కుదురుగా కూర్చుంటుందా అన్నదే అనుమానం. ఆమె కంప్యూటరు తెరమీద ఆ మందు పదకొండు వారాలు కదలక మెదలక కూర్చుంది. ఆ మందును రోగులకివ్వబోయే డాక్టరు సంబరపడి చికిత్సకు పేర్లు రాసుకున్నాడు. మొదటి పేరు ఆమె మేనత్తది.

మేనత్త దర్జీ. కుడి బొటనవేలి మీద పుండు క్యాన్సరని తేలింది. వేలు తీసేయాలని, ఆలస్యమైతే చెయ్యే పోతుందని అన్నారు. వేలు పోయాక కత్తెర ఎవరు పడతారని ఆవిడ ఆ మాటే ఎత్తనివ్వలేదు. మేనకోడలి మందు మీదే ఆశంతా పెట్టుకుంది.

ఈ ఉదయం ఏదో పనికి పాత ఫైలు తెరిచిన ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కంప్యూటరు లెక్క మొదట్లో డీఎన్ఏ చెదరకుండా కాసేపు బిగించి ఉంచుతారు, తర్వాత వదిలేస్తారు. ఆమె ఆ మొదటి దశ ఫైలుకే నకలు తీసి చివరిదాకా వాడుకుంది, బిగింపు వదలడం మరిచింది. బిగించిన మెట్ల మధ్య ఇరుక్కున్నది కుదురుగా కూర్చున్నట్టు కనపడక ఏం చేస్తుంది? బిగింపు వదిలి లెక్క నడిపిస్తే భోజనాల వేళలోపే మందు జారి బయటపడింది. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అంతే.

నోరు మూసుకుంటేనో అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. అయినా డాక్టరుకు చెప్పేసింది. ఆయన చికిత్స ఆపేసి, మేనత్త ఆపరేషన్ సంగతి సాయంత్రంలోగా తేల్చమన్నాడు.

కుట్టుమిషను ముందు కూర్చున్న మేనత్త అంతా వింది. చేతిలోని గుడ్డ మడతపెట్టింది, మళ్లీ విప్పింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా?"

"నాకు తెలుసుగా అత్తా."

"నీమీద చాలా కోపంగా ఉందే. రేపటికి ఉండదేమో. ఇవాళ మాత్రం ఉంది."

ఆమె తలవంచుకుంది. ఆ కోపం న్యాయమే అనిపించి ఇంకా ఏడుపొచ్చింది.

"వేలు తీయించుకుంటాను," అంది మేనత్త. "డాక్టరుకు నువ్వే చెప్పు. నా నోటితో నేను అనలేను."

ఆమె ఫోను చేసింది. మాట్లాడుతున్నంతసేపూ మేనత్త ఆమె రెండో చెయ్యి పట్టుకునే ఉంది. మణికట్టు మీద ఆ బొటనవేలు గట్టిగా ఆనుకుని ఉంది, వెచ్చగా.