దాపట చక్రం

"ఈ చక్రాలు మా నాయిన ఇటలీ నుంచి ఓడల తెప్పిచ్చిండు" అని సుదర్శన్ సార్ అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. ఆయన గద్వాలలో వకీలు. వాళ్ల నాన్న డాక్టరు. ఆ డాక్టరు వాడిన పాత చిన్న కారును హైదరాబాదులో ఏదో ప్రదర్శనకు తీసుకుపోతాడట. కొత్త టైర్లు వేయించడానికి వనపర్తిలో ఉన్న నా టైర్ల షాపుకు తెచ్చాడు. కారును స్టాండ్ల మీదికి ఎత్తి, దాని నాలుగు అల్లాయ్ చక్రాలూ విప్పి నేల మీద పెట్టాను.

ఆ చక్రాలు పోసింది మా నాయిన ఆశీర్వాదం. గద్వాలలో పంపుసెట్ల సామాను పోసే కొలిమిలో, పాత పిస్టన్లు కరగబెట్టి పోశాడు. ఆఖరి చక్రం పోస్తుంటే మూసలో తడి ఉండి కరిగిన లోహం ఎగజిమ్మింది. కుడిచేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ చేత్తో మళ్లీ ఏమీ పోయలేదు.

ఇదంతా నాకు చెప్పింది మా అమ్మ. నాయిన ఎన్నడూ నోరు విప్పలేదు. కాలిన చేతికి డాక్టరు డబ్బు తీసుకోకుండా కట్లు కట్టాడట. కడుతూనే, ఈ చక్రాలు ఇక్కడ చేసినవని ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడట. ఆయన కారు కోసమే కదా ఆ చెయ్యి కాలింది? దాన్ని మా ఇంట్లో దయ అనేవాళ్లు.

ప్రదర్శనలో కారు పక్కన ఏ భాగం ఎక్కడిదో రాసి పెట్టాలట. పాత చక్రాలు ఎక్కడివో గుర్తుపట్టే తేజస్విని అనే అమ్మాయిని, ఇటలీవనే రాస్తుందనుకుని, సుదర్శన్ సారే హైదరాబాదు నుంచి పిలిపించాడు. ఆమె నేల మీద కూర్చుని, టార్చి వేసి చక్రాల లోపలంతా తడిమి చూసింది.

"ఇవి ఇటలీవి కావు సార్. కంపెనీ ముద్ర లేదు. పైగా రెండింటి ఆకులు, ఈ స్పోకులు, ఇటు వాలి ఉన్నాయి, రెండింటివి అటు. ఇంత చిన్న కారుకు కుడికో అచ్చు, ఎడమకో అచ్చు చేసిన కంపెనీని నేను చూడలేదు. ఇవి ఇక్కడెక్కడో పోసినవి. పోసిన మనిషి దొరికితే ఆ పేరే రాస్తాను."

నాయిన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో టీ తాగుతున్నాడు.

"నాయినా, మేడం అడుగుతున్నది. చెప్పు."

"నాకేం తెల్వదు బిడ్డా."

సుదర్శన్ సార్ నవ్వాడు. "పంపులు పోసెటోనికి గివేం తెలుస్తయి రోజా? మేడం, ఇటలీ అనే రాయండి. కాదనెటోడు ఎవడున్నడు?"

"ఎవరూ చెప్పకపోతే, తెలియదని రాస్తాను" అందామె.

నాకు వకీలు మీద కంటే తల వంచుకున్న నాయిన మీద ఎక్కువ కోపం వచ్చింది. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆయన చొక్కా గుండీలు ఆమే పెట్టింది. డాక్టరు కూడా పోయి చాలా ఏళ్లయింది. ఇంకా ఎవరికి భయపడుతున్నాడు?

అప్పుడు నాకు అమ్మ చెప్పిన శాంతయ్య గుర్తొచ్చాడు. ఈ చక్రాలకు కొయ్య అచ్చులు చెక్కిన వడ్రంగి ఆ వడ్ల శాంతయ్యే. జీవితమంతా ఎడ్లబండ్లు చేసిన మనిషి. కాడికి ఎడమపక్క దాపటెద్దు, కుడిపక్క ఎలపటెద్దు ఉన్నట్టే కారుకు ఎడమ చక్రం వేరు, కుడి చక్రం వేరు ఉండాలన్నాడట. ఎటుపక్క చూసినా ఆకులు ముందుకే వాలాలని పట్టుబట్టి రెండు అచ్చులు చెక్కాడట. కారుకు ఆ అవసరం లేదని అతనికీ తెలియదు, నాయినకూ తెలియదు.

టైర్లెక్కించాక ఎడమ చక్రం ఒకటి తీసుకుపోయి కుడిపక్క తగిలించాను. కావాలనే. ఒక బోల్టు బిగించి నాయిన వైపు చూశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"రోజా, జర ఆగు."

"ఎందుకాగాలె? నీకేం తెల్వదంటివి కద."

ఇంకో బోల్టుకు పానా తగిలించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. ఆకులు వెనక్కి వాలి కనిపిస్తున్నాయి. నాయిన లేచి వచ్చాడు. అతుక్కుపోయిన వేళ్లతో పానాను ఆపాడు.

"అది దాపటది. ఇప్పు. శాంతయ్య ఉంటే నిన్ను కొడ్తుండె."

తేజస్విని లేచి నిలబడింది. సుదర్శన్ సార్ ముఖం మాడిపోయింది.

"ఆశీర్వాదం, మా నాయినకు ఏం మాటిచ్చినవో యాదుందా?"

అంటే ఈయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఇంతసేపూ ఇటలీ, ఇటలీ అన్నాడు. చేతిలో పానా ఉంది. దాన్ని కింద పెట్టడానికి నాకు చాలా కష్టమైంది.

"యాదుంది సార్" అన్నాడు నాయిన. "ఇన్నేండ్లు మాట మీదనే ఉన్న. కానీ నా చక్రం ఎనుకకు సూస్కుంట పోతాంటే సూడలేను. నేనే పోసిన."

తేజస్విని కలం తీసింది. "మీ పేరు చెప్పండి."

"ముందు వడ్ల శాంతయ్య అని రాయి బిడ్డా. ఎనుక నాది."

నేను బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. కోపం ఇంకా తగ్గలేదు. చక్రం అటుది ఇటు పెడితే ఆయన చూడలేకపోయాడు. అమ్మ రోజూ ఆ గుండీలు పెడుతుంటే మాత్రం ఊరికే నిలబడి చూశాడు.