బెంచీ ముందు చెప్పిన మాట

ఊయలలు నేసేవాళ్ల వీధిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక మగ్గాలు ఆగుతాయి. ఎవెనోర్‌కీ అతని పెళ్లాం అసుసేనాకీ ఏకాంతం దొరికేది ఆ గంటలోనే. అత్త పెత్రోనా అప్పుడు సంతలో ఊయలలు అమ్ముకుంటూ ఉంటుంది. ఆ సోమవారం సరిగ్గా సుఖం అందే క్షణంలో ఎవెనోర్ రెండు చేతులతో తల వెనక పట్టుకుని కేక పెట్టాడు. తరవాత వాంతి చేసుకున్నాడు. మెడ వంచలేకపోయాడు.

ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పక్కమీదే వచ్చి అరగంటలో తగ్గింది. అప్పుడు ఆరోగ్యకేంద్రంలో "నూలు మూటలు ఎత్తుతుంటే పట్టేసింది" అని చెప్పి బిళ్లలు తెచ్చుకున్నాడు. అక్కడ నర్సు బల్ల వరండాలోనే ఉంటుంది, ఎదురుగా బెంచీమీద సగం ఊరు. నర్సు గట్టిగా అడుగుతుంది, రోగి గట్టిగా చెప్పాలి. బీదవాళ్లకు గుట్టెందుకు అనుకున్న మహానుభావుడెవడో ఆ బల్ల అక్కడ వేయించాడు.

పెత్రోనా వచ్చి కొడుకు కణతలకు బంగాళదుంప ముక్కలు అంటించి గుడ్డ కట్టింది.

"ఒళ్లు వేడిమీద చన్నీళ్లు పోసుకునుంటాడు. గాలి సోకింది. పడుకోనివ్వవే."

"ఇది గాలి కాదత్తా. తీసుకెళ్తా."

"మొగుణ్ణి ఊరేగించకపోతే నీకు తోచదా?"

అసుసేనా అతన్ని రిక్షా ఎక్కించి ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లింది.

"మళ్లీ ఏమైందయ్యా ఎవెనోర్?" అంది నర్సు నీడియా.

"మూటలు... ఎత్తాను."

"కూర్చో. నీ ముందు పదకొండు మందున్నారు."

అతని మొహం బూడిదలా ఉంది. ఆ స్థితిలోనూ పెళ్లాం వైపు నోరెత్తకు అన్నట్టు చూశాడు. అసుసేనాకు సిగ్గుతో చెవులు కాలాయి. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది.

"మూటల్లేవు, గీటల్లేవు! నాతో పడుకునుండగా వచ్చింది. సరిగ్గా అయ్యే క్షణంలో, తల పగిలినట్టు, ఒక్కసారే. ముందు రెండుసార్లూ అంతే!"

బెంచీ ఘొల్లుమంది. "కాస్త చూసి వాడుకోవాలమ్మా, పాతబడిపోతాడు!" అన్నాడో చుట్టల ముసలాడు. నీడియా మాత్రం నవ్వలేదు. కలం పడేసి డాక్టర్ కోసం పరిగెత్తింది.

మెదడులో రక్తనాళం చిట్లింది. రాజధాని మనాగ్వాలో ఆపరేషన్ చేశారు.

"పడకలో వచ్చే తలనొప్పి చాలామందికి ప్రమాదం కాదమ్మా," అంది అక్కడి డాక్టరమ్మ. "అయినా మొదటిసారి వచ్చినప్పుడే చూపించుకోవాలి, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇలా ఒక్కసారిగా విరుచుకుపడి, వాంతి, మెడ బిగుసుకోవడం ఉంటే క్షణం ఆగకూడదు. ఆ బెంచీమీదే కూర్చుని ఉంటే దక్కేవాడు కాదు."

దక్కాడు. నలభై రోజులకు ఇల్లు చేరేసరికి వీధి అతనికి "మూటలోడు" అని పేరు పెట్టేసింది. బేస్‌బాల్ మైదానంలో ఈలలు వేశారు. "నా కొడుకు పరువు బజారున పెట్టింది" అని పెత్రోనా ఇంటింటికీ చెప్పుకొచ్చింది. బతికున్నాడన్న ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అతను చచ్చిపోయి ఉంటే ఇదే వీధి శవజాగారానికి కాఫీ, రొట్టెలు మోసుకొచ్చి, ఎంత గుట్టయిన ఇల్లాలో అని అసుసేనాను మెచ్చుకునేది.

ఎవెనోర్ తను పడుకునే ఊయల తల్లి గదిలో కట్టుకున్నాడు. భోజనానికి మాత్రం ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. చిక్కుడుగింజలు కలిపిన అన్నం నోట్లో పెట్టుకుని అతను తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, ఉప్పు ఇటివ్వమని ఆవిడతో చెప్పు."

ఉప్పు అసుసేనా చేతి దగ్గరే ఉంది. ముందుకు జరిపింది. ఏ గొంతు మూగబోకూడదని ఆ రోజు బెంచీ ముందు తను నోరు విప్పిందో, ఉప్పడిగింది ఆ గొంతే.