గోడ గడియారం వెనక రేకు

వంతెన కొట్టుకుపోయిన వరదకు అది తొమ్మిదో ఏడు. డాక్టరు పోయి నెల కావస్తోంది. ఆయన కూతురు ఇంట్లోని గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టుకుని, గడియారాలు బాగుచేసే మేస్త్రీ కొట్టుకి వచ్చింది.

"రేపు పొద్దున హాల్లో నాన్న సంతాప సభ, బాబాయ్. ఇది ఆగిపోయింది. ఆయన ఫొటో పక్కన పెడదామని. మీరూ రెండు మాటలు చెప్పాలి. నాన్నకి గురువు కదా మీరు."

మేస్త్రీ తలూపాడు. గురువే. డాక్టరుకి పట్టని పిచ్చి లేదు. తేనెటీగలు పెంచాడు, చుక్కలు లెక్కపెట్టాడు, ఫిడేలు వాయించి ఇరుగుపొరుగుని ఏడిపించాడు. చివరికి ఈ కొట్లోనే పీట మీద కూర్చుని గడియారాల పనీ నేర్చుకున్నాడు. బాగుచేసినప్పుడల్లా వెనక రేకు లోపలి వైపు సూదితో తేదీ, గంట, చేసిన పని గీకాలని నేర్పింది మేస్త్రీయే. రేపు విప్పేవాడికి అబద్ధం చెప్పకూడదని మరీ మరీ చెప్పాడు.

ఆమె వెళ్లాక రేకు విప్పి, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. డాక్టరు చేతిరాత గుర్తుపట్టాడు. తేదీ చూశాడు. వరద తగ్గిన మర్నాటిది.

"సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. తడిసిన చక్రాలు తుడిచి నూనె వేశాను."

ఆ సాయంత్రమే మేస్త్రీ భార్యకి ఊపిరి అందలేదు. మోకాళ్ల లోతు బురదలో రెండుసార్లు డాక్టరు గేటు దాకా వెళ్లాడు. పడవ మీద అవతలి పేటకి వెళ్లారని కాంపౌండరు రెండుసార్లూ తిప్పి పంపాడు. ఎనిమిదింటికి ఆమె పోయింది. మర్నాడు డాక్టరు వచ్చి, తాను ఇంట్లో ఉండి ఉంటేనా అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఒక్క మాటకి తొమ్మిదేళ్లు కనపడినప్పుడల్లా దణ్ణం పెట్టాడు మేస్త్రీ.

చక్రాలకి తుప్పు పట్టకుండా చూసుకున్నాడన్నమాట.

కూతురి తప్పేమీ లేదని తెలుసు. తెలిసీ సూది తీశాడు. డాక్టరు గీతల కింద, అదే తేదీ, రాత్రి ఎనిమిది అని మొదలుపెట్టి ఇంకో వరస గీకాడు. గడియారాన్ని శుభ్రంగా బాగుచేసి, రేకు లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి బిగించాడు.

మర్నాడు పొద్దున్నే హాలుకి వెళ్లి, ఫొటో పక్కన బల్ల మీద గడియారాన్ని జనానికి వీపు చూపేలా పెట్టాడు. కుర్చీలు నిండాయి. తిరగేసి పెట్టారేమని కూతురు అడిగింది. మేస్త్రీ భూతద్దం ఆమె చేతిలో పెట్టాడు.

"రెండు మాటలు చెప్పమన్నావు కదమ్మా. మీ నాన్నది పైన, నాది కింద. అందరికీ వినపడేలా చదువు."

వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు.